అమెరికాలో రహస్య పత్రాలు చూసే ఉద్యోగులకు లై డిటెక్టర్ పరీక్ష ఎలా చేస్తారు? పాసైతే నమ్మవచ్చా?

ఆ యంత్రం అబద్ధాన్ని పట్టుకోదు, ఒంట్లో కలిగే ఆందోళనను మాత్రమే కొలుస్తుంది. ఛాతీకి, పొట్టకు శ్వాస కొలిచే గొట్టాలు, చేతికి బీపీ పట్టీ, వేళ్లకు చెమట పసిగట్టే పలకలు పెడతారు. అడగబోయే ప్రశ్నలన్నీ ముందే చదివి వినిపిస్తారు. గూఢచర్యం, రహస్యాల లీకేజీ వరకే అడిగేది ఒక రకం. సీఐఏ, ఎన్‌ఎస్‌ఏ లాంటి గూఢచార సంస్థల్లో మత్తుమందులు, నేరాల గురించి కూడా అడుగుతారు. నిజానికి ఎక్కువ సంగతులు బయటపడేది యంత్రం వల్ల కాదు, ముందూ వెనకా జరిగే మాటల్లోనే.

పాసైనంత మాత్రాన నమ్మడానికి లేదు. సోవియట్లకు రహస్యాలు అమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో, 1991లో ఈ పరీక్ష గట్టెక్కాడు, దొరికింది 1994లో. అమెరికాలో శాస్త్ర విషయాలపై సలహాలిచ్చే నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003 నివేదికలో ఒక లెక్క వేసి చూపింది: 10,000 మందిలో 10 మంది గూఢచారులు ఉన్నారనుకుంటే, 8 మందిని పట్టేలా పరీక్ష పెడితే సుమారు 1,600 మంది నిర్దోషులూ అనుమానితులవుతారు. నాకు ఇదే అన్యాయంగా అనిపిస్తుంది.

ప్రైవేటు కంపెనీలు చాలావరకు ఈ పరీక్ష పెట్టకుండా 1988 చట్టం అడ్డుకుంటుంది, ప్రభుత్వానికి మాత్రం అది వర్తించదు.

ఇక గోప్యత సంగతి. రహస్యాలు బయటపెట్టనని ప్రభుత్వానికి రాసిచ్చే ఎస్‌ఎఫ్-312 ఒప్పందంపై సంతకం చేస్తే ఉద్యోగం మానేసినా ఆ బాధ్యత పోదు. చాలామంది పొరబడేది ఇక్కడే: రహస్యం పేపర్లో వచ్చేసినా అది రహస్యమే, అవుననీ కాదనీ చెప్పకూడదు.