మాల్వణ్ వెళ్లడానికి సింధుదుర్గ్ ఎయిర్‌పోర్ట్‌లో దిగాలా, గోవాలో దిగాలా?

మోకాళ్ల నొప్పులున్న నాన్నగారితో, ఇద్దరు పిల్లలతో డిసెంబరులో హైదరాబాద్ నుంచి మహారాష్ట్ర కొంకణ్ తీరంలోని మాల్వణ్, తార్కర్లీ బీచ్ వెళ్దామనుకుంటున్నాం, చిపీలో ఉన్న సింధుదుర్గ్ ఎయిర్‌పోర్ట్ నయమా, గోవాలోని మోపా నయమా అని అడిగారు. మేం రెండుసార్లు వెళ్లాం. డిసెంబరులో అమ్మతో ఒకసారి, మే నెలాఖరులో ఇంకోసారి. రెండుసార్లూ టికెట్ చిపీకే తీసుకున్నాం. దిగింది మాత్రం ఒక్కసారే.

మీరు వెళ్లే రోజుకు నేరుగా ఫ్లైట్ దొరికితే మాత్రం చిపీయే ఎంచుకోండి. నాన్నగారి మోకాళ్ల కోసమే ఈ మాట చెబుతున్నాను.

మేం ఎక్కింది ఏటీఆర్, రెక్కలకు ఫ్యాన్లుండే చిన్న విమానం. వెనక తలుపే కిందికి వాలి మెట్లవుతుంది, మహా అయితే ఐదారు మెట్లు. అమ్మ ఒక చేత్తో పక్కనున్న పట్టీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని మెల్లగా దిగింది. వెనక జనం తోసుకోలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. చుట్టూ ఎర్రరాతి గుట్ట మీద చదును నేల, ఎండిన గడ్డి, మీద నీలం ఆకాశం. బిల్డింగ్‌లోకి అడుగుపెట్టగానే బ్యాగుల బెల్టు, దాని వెనకే బయటికి దారి. శంషాబాద్‌లో సెక్యూరిటీ నుంచి గేటు దాకా నడవడానికి పట్టిన టైమ్ కూడా పట్టలేదు, కారులో కూర్చున్నాం. "అయిపోయిందా? ఇక నడవక్కర్లేదా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. ఆ రోజు సాయంత్రమే తను తార్కర్లీ ఇసుకలో నడిచిందంటే, పొద్దున కాళ్లు అలిసిపోకపోవడమే కారణం.

ఇక టెన్షన్ సంగతి. ఇక్కడికి ఫ్లైట్లు ఏడాది పొడవునా ఒకే రకంగా ఉండవు. ఈ ఎయిర్‌పోర్ట్ 2021 అక్టోబరు 9న మొదలైంది. రన్‌వే 2,500 మీటర్లు, ఏటీఆర్‌కు కావాల్సిన దానికంటే చాలా ఎక్కువ. లోటు రన్‌వేది కాదు, ప్రయాణికులది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ఉడాన్ పథకంలో ఒక రూటుకు ప్రభుత్వం ఇచ్చే సాయం మూడేళ్లు మాత్రమే. ఆ తర్వాత సీట్లు నిండితేనే విమానం తిరుగుతుంది. టూరిస్టులు వచ్చేది అక్టోబరు నుంచి మే వరకు. కొంకణ్‌లో వానాకాలం నాలుగు నెలల్లో మూడు వేల మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అప్పుడు స్కూబా డైవింగ్ ఉండదు, సముద్రంలో ఉన్న సింధుదుర్గ్ కోటకు పడవలూ ఆపేస్తారు. అందుకే ముందు ఫ్లైట్ ఏయే రోజుల్లో ఉందో చూసి, ఆ తర్వాతే హోటల్ బుక్ చేయండి. మేం మొదటిసారి హోటల్ ముందు బుక్ చేసి, ఫ్లైట్ లేని రోజున తిరుగు ప్రయాణం పెట్టుకుని, మళ్లీ అన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

వానాకాలంలోనూ ఒక పెద్ద రద్దీ ఉంది, అది టూరిస్టులది కాదు. మనకు సంక్రాంతికి కోనసీమ ఎలాగో, వాళ్లకు వినాయక చవితికి కొంకణ్ అలాగ. ముంబైలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లంతా సొంతూళ్లకు వస్తారు. వాళ్లను చాకర్మానీలు అంటారు. ఆ వారం మాల్వణ్‌కు దగ్గర్లోని రైల్వే స్టేషన్ కుడాల్‌కు వెళ్లే రైళ్లలోనూ సీటు దొరకడం కష్టమే.

మే నెలాఖరు ప్రయాణంలో వానలు ముందే పట్టుకున్నాయి. విమానం చిపీ మీద చాలాసేపు చక్కర్లు కొట్టింది. కిటికీలోంచి తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. రన్‌వే కనబడటం లేదు, మోపాకు వెళ్తున్నాం అని పైలట్ చెప్పారు. మేం మాట్లాడుకున్న కారు చిపీలో ఎదురుచూస్తోంది. ఆ డ్రైవర్‌కు ఫోన్ చేసి చెప్పాం. ఆయన విసుక్కోకుండా, మోపా నుంచి కుడాల్ మీదుగా రావాలని దారి చెప్పి, మామూలుగా ఎంత అడుగుతారో కూడా చెప్పాడు. వర్షంలో సావంత్‌వాడీ దాటి మాల్వణ్ చేరేసరికి రెండు గంటలు దాటింది. పాప ఆకలికి ఏడుస్తుంటే దారిలో ఓ చిన్న హోటల్లో ఆగి అన్నం, చేపల పులుసు, సోల్‌కడీ తిన్నాం. కోకం, కొబ్బరిపాలతో చేసే ఆ గులాబీ రంగు సోల్‌కడీని పాప రెండు గ్లాసులు తాగింది.

డిసెంబరులో మీకు ఇంత ఇబ్బంది ఉండకపోవచ్చు. అయినా తిరుగు ప్రయాణం మర్నాడే ఆఫీసు ఉండేలా పెట్టుకోకండి, ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. కారు ముందే మాట్లాడుకోండి, బయటికొచ్చాక క్యాబ్ యాప్ చూద్దాంలే అనుకోవద్దు. మాకు హోటల్ వాళ్లే కారు పంపారు, మాల్వణ్‌కు గంటలోపే చేరాం.

ఏటీఆర్‌లో తల పైన బ్యాగులు పెట్టే అర చిన్నది, పెద్ద ట్రాలీ పట్టదు. నాన్నగారి మందులు చిన్న సంచిలో వేసి ఆయన ఒళ్లోనే ఉంచండి. వీల్‌చైర్ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే రాయించండి, ఆ ఐదారు మెట్లు ఎక్కగలరో లేదో కూడా అప్పుడే చెప్పండి.