పన్నెండేళ్ల కబ్జాతో పొలం సొంతమవుతుందా?

ప్రశ్న: నర్సంపేట దగ్గర మా ఊళ్లో చెరువు కింద రెండెకరాల పొలానికి మా చిన్నాయన పేర పట్టా ఉంది. ఆయన హైదరాబాద్‌లో స్థిరపడ్డాక 1998 నుంచి మా బాపే సాగు చేస్తూ, ఏటా యాసంగి వడ్లు పట్టించి ఆయనకు రెండు బస్తాల బియ్యం పంపుతున్నాడు. పన్నెండేళ్లు దాటింది కాబట్టి హక్కు కోసం దావా వేయవచ్చని ఒక వకీలు, వేయరాదని మరొకరు అంటున్నారు. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: వేయరాదన్న వకీలుగారు పాత తీర్పును బట్టి చెప్పి ఉంటారు. యజమాని హక్కుకు విరుద్ధంగా సాగిన స్వాధీనంపై ఆయన పన్నెండేళ్లలోగా దావా వేయకపోతే ఆయన హక్కే అంతరిస్తుందని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతుంది. అయితే స్వాధీనంలో ఉన్నవారు తామే వాదులుగా కోర్టుకెక్కవచ్చా అన్నది అందులో విడిగా రాసి లేదు. ఆ ఖాళీని తీర్పులే పూరించాయి. ఈ వాదం ప్రతివాది ఆత్మరక్షణకే పనికివస్తుందని 2013లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పగా, రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో 2019 ఆగస్టు 7న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని తోసిపుచ్చి, వాదిగా కూడా వేయవచ్చని తేల్చింది. పెద్ద ధర్మాసనం మాటే చెల్లుతుంది. చట్టంలో ఒక్క అక్షరమూ మారకుండానే ఫలితం ఇలా తలకిందులైంది.

అయినా తొందరపడి దావా వేయవద్దని నా గట్టి సలహా. మారింది దావా వేసే అర్హత మాత్రమే, రుజువు చేయవలసిన విషయం మారలేదు. స్వాధీనం బహిరంగంగా, నిరంతరాయంగా, అసలు యజమాని హక్కును కాదంటూ సాగి ఉండాలి. అనుమతితో మొదలైన సాగు ఎన్నేళ్లు గడిచినా దానంతట అదే విరుద్ధ స్వాధీనం కాదు. ఒకవేళ పొలం ఉమ్మడి ఆస్తి అయితే, ఒక వారసుని స్వాధీనం అందరిదీ అవుతుందనీ, మిగతావారి హక్కును బాహాటంగా నిరాకరించినట్లు చూపాలనీ 1956లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీ విషయంలో అడ్డంకి ఆ రెండు బస్తాల బియ్యమే. ఏటా బియ్యం పంపడమంటే పొలం ఆయనదేనని మీ బాపు ఒప్పుకోవడమేనని అవతలి వకీలు వాదిస్తాడు, కోర్టు నమ్మే అవకాశమూ ఎక్కువే. పాత పహాణీలో అనుభవదారుగా మీ బాపు పేరున్నా అది సాగుకు సాక్ష్యమే గాని, చిన్నాయన హక్కును కాదన్నారనడానికి కాదు. ఆయన ఆరోగ్యంగా ఉండగానే కూర్చుని మాట్లాడి, ఇవ్వడానికి ఒప్పుకుంటే విక్రయ దస్తావేజుగానో దానపత్రంగానో రిజిస్టరు చేయించుకోండి.