గీజర్ నీళ్లు ఎర్రగా వస్తున్నాయా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

ప్రశ్న: మేం నిజాంపేటలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటాం. బోరు నీళ్లు, జలమండలి నీళ్లు ఒకే సంపులో పడతాయి. మా గీజర్ 25 లీటర్లది, కొని ఆరేళ్లయింది. కొన్నాళ్లుగా వేడి నీళ్లు ఇటుక రంగులో వస్తున్నాయి, చన్నీళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. సర్వీసుకు వచ్చినతను ట్యాంకు లోపల తుప్పు పట్టేసింది, కొత్తది తీసుకోండి అన్నాడు. ఈ నీళ్లతో పిల్లలకు స్నానం చేయించొద్దని మా అత్తగారు ఒకటే టెన్షన్ పడుతున్నారు. నిజంగా మార్చాల్సిందేనా? – ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: మార్చాలో వద్దో వంటింట్లోనే తేల్చుకోవచ్చమ్మా. అది తేలేదాకా కొత్త గీజర్‌కు డబ్బు కట్టకండి.

చన్నీళ్లు తేటగా వచ్చి వేడి నీళ్లు మాత్రమే ఎర్రగా వస్తే తప్పు గీజర్‌దే అని ఎవరికైనా అనిపిస్తుంది. మెకానిక్కూ అలాగే అనిపించి ఉంటుంది. కానీ బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో కారణం ఉంటుంది. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము నీళ్లలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది, అప్పుడు దానికి రంగు ఉండదు, గ్లాసులో పట్టి చూసినా ఏమీ తెలియదు. ఆ నీళ్లకు గాలి తగిలి, పైగా వేడెక్కితే కరిగిన ఇనుము తుప్పు రేణువులుగా విడిపోతుంది, నీళ్లు పసుపుగానో ఎర్రగానో మారతాయి. అంటే గీజర్ ట్యాంకు నిక్షేపంలా ఉన్నా వేడి నీళ్లు ఎర్రగా రావచ్చు. కొత్త గీజర్ పెట్టినా మళ్లీ అదే రంగు.

అందుకని ముందు ఈ పని చేయండి. అదే బాత్రూమ్‌లో చన్నీళ్ల కుళాయి నుంచి ఒక స్టీలు గిన్నెడు నీళ్లు పట్టి, పొయ్యి మీద బాగా మరగనిచ్చి, చల్లారాక తెల్ల పింగాణీ కప్పులో పోసి చూడండి. పక్కనే ఇంకో గ్లాసులో కాచని నీళ్లు రాత్రంతా ఉంచండి. కాచినవి పసుపు తిరిగినా, గ్లాసు అడుగున పొద్దునకల్లా ఎర్రటి మడ్డి దిగినా ఇనుము నీళ్లలోనే ఉన్నట్టు. అలాంటప్పుడు పై అంతస్తు వాళ్లను, ఎదురింటి వాళ్లను కూడా అడగండి, వాళ్ల గీజర్లలోనూ ఇదే రంగు వస్తుంటే మాట్లాడాల్సింది మెకానిక్‌తో కాదు, అసోసియేషన్‌తో. సంపు, పైన ట్యాంకు కడిగించాలి, బోరు నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించాలి, ఇనుము ఎక్కువుంటే బోరు లైనుకు ఐరన్ ఫిల్టర్ పెట్టించాలి. ఒక్క ఫ్లాటు వాళ్లు సొంత ఖర్చుతో చేసుకునే పని కాదిది, అందరూ కలిస్తేనే అవుతుంది.

ఒక జాగ్రత్త. టీడీఎస్ మీటర్ ముంచి అంకె చూపించి ఇనుము ఉందనో లేదనో చెప్పేవాళ్లుంటారు, నమ్మకండి. ఆ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంచనా చూపిస్తుంది తప్ప ఇనుమును విడిగా చెప్పలేదు. ల్యాబు రిపోర్టులో ‘ఐరన్’ అని ప్రత్యేకంగా రాయించుకోండి. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది, కానీ 0.3 దాటితే చాలు, బట్టలకు, బాత్రూమ్ టైల్స్‌కు మరకలు పడటం మొదలవుతుంది.

ఇక కాచిన నీళ్లు తేటగానే ఉన్నాయనుకోండి, అప్పుడు గీజర్ వైపు రావాలి. అప్పుడూ ట్యాంకు పోయిందని తేలినట్టు కాదు. పొద్దున్నే వేడి నీళ్లు తిప్పి మొదటి మగ్గు, మూడో మగ్గు, బకెట్ నిండేటప్పుడు ఇంకో మగ్గు విడివిడిగా పట్టి చూడండి. మొదటి మగ్గు మాత్రమే ఎర్రగా ఉండి తర్వాత తేటపడితే గీజర్‌కు, కుళాయికి మధ్యలో ఏదో ఇనుప ముక్క తుప్పు పట్టింది. పాత జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపో, ప్లంబర్ తొందరలో బిగించిన ఇనుప నిపుల్ అనే చిన్న జోడింపు ముక్కో అయి ఉంటుంది. గోడలో సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు ఉన్నంత మాత్రాన ఇనుము లేదనుకోవద్దు, జాయింట్ల దగ్గర చూడాలి. చిన్న ఖర్చుతో పోతుంది.

బకెట్ నిండేదాకా అదే రంగు వస్తే మాత్రం ట్యాంకు లోపల చూడాల్సిందే. చాలా గీజర్లలో ట్యాంకు స్టీలుది, దాని లోపల గాజు పూత ఉంటుంది. ఆ పూతలో ఎక్కడైనా సన్నని పగులుంటే అక్కడ తుప్పు మొదలవకుండా ఒక మెగ్నీషియం రాడ్ పెడతారు, యానోడ్ రాడ్ అంటారు. ట్యాంకు బదులు తాను అరిగిపోవడమే దాని పని. ఉప్పు నీళ్లలో అది తొందరగా అరుగుతుంది. అది పూర్తిగా అయిపోయిన రోజు నుంచి నీళ్లు ట్యాంకును తినడం మొదలుపెడతాయి. కొత్త గీజర్ ధరతో పోలిస్తే రాడ్ ధర ఏపాటిది? అయినా గీజర్ కొన్నాక ఎన్నో ఇళ్లలో దాన్ని ఒక్కసారి కూడా మార్చరు, అది ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పరు, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇదే. బోరు నీళ్లు వాడేవాళ్లు ఏడాదికోసారి దాన్ని తీయించి చూసుకోవాలి.

మీ మెకానిక్‌ను మళ్లీ పిలిచి, రాడ్ విప్పి మీ కళ్లముందు చూపించమని అడగండి. సన్నటి తీగ మాత్రమే మిగిలి ఉంటే కొత్తది వేయించి, ట్యాంకు అడుగున పేరుకున్న సున్నం, మడ్డి కడిగించండి. ఆ తర్వాత వారం గడిచినా రంగు తగ్గకపోయినా, గీజర్ బాడీ కింద నుంచి చెమ్మ కారుతున్నా, అప్పుడు మార్చేయండి, ఆలోచించకండి. చిల్లుపడిన ట్యాంకుకు వెల్డింగ్ చేయించవద్దు, ఆ వేడికి లోపలి గాజు పూత దెబ్బతిని కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది. వారంటీ కార్డు కూడా ఒకసారి తీసి చూడండి, ట్యాంకు వారంటీ మిగతా భాగాల కంటే ఎక్కువ ఏళ్లు ఉంటుంది.

విప్పేముందు కరెంటు బోర్డులో గీజర్ లైను ఎంసీబీ (బ్రేకర్) ఆపాలి, స్విచ్ ఒక్కటే చాలదు. మళ్లీ బిగించాక వేడి నీళ్ల కుళాయిలోంచి నీళ్లు ధారగా వచ్చేదాకా కరెంటు వేయకూడదు, ఖాళీ ట్యాంకులో నీళ్లను వేడిచేసే ఎలిమెంట్ కాలిపోతుంది.

మీ అత్తగారికి చెప్పండి, ఇనుము ఉన్న నీళ్లతో స్నానం చేస్తే పిల్లలకు ప్రమాదమేమీ లేదు. జుట్టు కాస్త బిరుసెక్కుతుంది, తెల్ల బట్టలు పసుపెక్కుతాయి. ఆ మరకలకు బ్లీచింగ్ మాత్రం వాడకండి, మరక ఇంకా గట్టిపడుతుంది, నిమ్మరసం రుద్దితే పోతుంది. గీజర్ నీళ్లు వంటకు, పిల్లల పాలకు వాడొద్దు, రంగు ఉన్నా లేకపోయినా.

ప్రశ్న: మా గీజర్ నీళ్లు పాలలా తెల్లగా వస్తున్నాయి. సున్నమా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: గాజు గ్లాసులో పట్టి కదపకుండా ఉంచండి. అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే అవి గాలి బుడగలు, భయం లేదు. తెల్లటి పొడి అడుగున దిగితే సున్నం. వేడి ఎక్కువైన కొద్దీ సున్నం ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి థర్మోస్టాట్ చివరిదాకా తిప్పి పెట్టకుండా 60 డిగ్రీల దగ్గర ఉంచి, ట్యాంకు కడిగించండి. ఎలిమెంట్ మీద మందంగా సున్నం పట్టి ఉంటే దాన్ని మార్చడం మేలు, లేకపోతే కరెంటు బిల్లు పెరుగుతుంది, ఎలిమెంట్ పగిలితే షాక్ కొట్టే ప్రమాదం కూడా ఉంది. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. సెలవులకు ఇండియా వచ్చి వెళ్లాక వేడి నీళ్లు కొంచెం నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో వస్తున్నాయి. చన్నీళ్లకు ఆ వాసన లేదు. – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: వారాల తరబడి కదలకుండా ఉన్న గోరువెచ్చని నీళ్లలో ఒక రకం బ్యాక్టీరియా పెరుగుతుంది. నీళ్లలోని సల్ఫేట్‌ను, మెగ్నీషియం రాడ్ దగ్గర పుట్టే హైడ్రోజన్‌ను వాడుకుని ఆ వాసన పుట్టిస్తుంది. నలుపు కూడా దాని వల్లే కావచ్చు. ట్యాంకు అడుగు నుంచి నీళ్లు వదిలి కడిగించి, కొన్ని గంటలపాటు ఉష్ణోగ్రత 140 ఫారన్‌హీట్‌కు పెంచి, తర్వాత కుళాయిలన్నీ తిప్పి ఆ నీళ్లు పారబోయండి. ఆ వేడికి చర్మం కాలుతుంది, పిల్లల్ని కుళాయిల దగ్గరికి రానివ్వకండి. మళ్లీ వాసన వస్తే అల్యూమినియం–జింక్ రాడ్ వేయించండి. రాడ్ పూర్తిగా తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, వాసన పోతుంది గానీ ట్యాంకుకు తుప్పు పడుతుంది.

ఈసారి ఊరు నుంచి తిరిగి మీ ఇంటికి వెళ్లినప్పుడు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. రెండు వారాలకు మించి వాడని హీటర్‌లో హైడ్రోజన్ వాయువు చేరి ఉండే అవకాశం ఉంది, అది మండుతుంది. డిష్‌వాషర్, వాషింగ్ మెషీన్ వేయకముందే వంటింటి సింకు దగ్గర వేడి నీళ్ల కుళాయి కొన్ని నిమిషాలు తిప్పి ఉంచండి, ఆ సమయంలో దగ్గర్లో స్టవ్‌గానీ, దీపంగానీ వెలిగించకండి.