కొలను అంచుకి నర్సరీ మొక్కలెందుకండీ, చేను గట్టున లేవా?

“కోనసీమలో ఇంటి ముందు చిన్న సిమెంటు కొలను కట్టించాం. అంచు కనపడకుండా నీళ్లలోకి జారే మొక్కలు ఏ నర్సరీలో దొరుకుతాయి?” అని అడిగారు. వీటికోసం నర్సరీకి వెళ్లకండి. కడియం నర్సరీలంటే నాకూ ప్రాణమే, పూల మొక్కలకీ మామిడి అంట్లకీ అక్కడికే పోతాను. నీటి అంచుకి మాత్రం మన డెల్టా గట్లను మించిన నర్సరీ లేదు.

మా చెల్లెలు వాళ్ల కొలను చుట్టూ ఎవరో పసుపుపచ్చ పూల వెడీలియా అంటగట్టారు. ఒక్క వానాకాలంలో అది కొలను దాటి, కొబ్బరి మొదళ్లు చుట్టేసి, బోదె కాలువలోకి దిగింది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ మొక్క ప్రపంచంలోని 100 చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. మన కాలువల్ని మింగేస్తున్న గుర్రపుడెక్కదీ అదే జాబితా. అయినా అందంగా ఉందని కుండీల్లో పెట్టి అమ్ముతూనే ఉన్నారు!

మా మేనత్త చెల్లెలు వాళ్ల ఊరు వచ్చినప్పుడు అది చూసి, చీర చెంగు దోపి, “ముందు ఇది పీకండర్రా, ఒక్క కణుపు మిగిలినా మళ్లీ లేస్తుంది” అని మొత్తం ఊడబెరికించింది. తర్వాత నన్ను దాళ్వా (రెండో పంట వరి) చేల గట్ల మీదికి తీసుకెళ్లింది. నీళ్లు ఊరే చోట నీటి బ్రాహ్మి పరుచుకుని ఉంది: చిన్న దళసరి ఆకులు, లేత ఊదా కలిసిన తెల్లటి పూలు. దాన్ని మట్టితో సహా పెళ్లగించి తడి గోనెలో చుట్టింది. పక్కనే పొన్నగంటి కనపడితే నేను చెయ్యి వేయబోయాను. “ఆగరా, పువ్వు చూడు. కణుపుకి అంటుకుని ఉంటే పొన్నగంటి. కాడ మీద నిలబడితే అది వేరే పిచ్చి మొక్క, ముట్టుకోకు” అంది. ఆ పిచ్చి మొక్కే ఎలిగేటర్ వీడ్. అదీ దక్షిణ అమెరికాదే, కాలువలో పడిందంటే తేలుతూ అల్లుకుపోతుంది.

నాటడం తేలికే. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది కాబట్టి కొలను నింపి, కొన్నాళ్లుంచి, వంపేయండి. ఇలా కొన్నిసార్లు చేశాకే మొక్కలూ చేపలూ. నానబెట్టి కడిగిన కొబ్బరి పీచుని తాడులా పేని అంచు మెట్టు మీద పరిచి, సందుల్లో ఒండ్రుమట్టి కూరి, తీగ ముక్కలు గుచ్చండి. పశువుల ఎరువు వేయకండి, నీళ్లు పచ్చగా పాచి పట్టిపోతాయి. ఎండ తగిలే వైపు నీటి బ్రాహ్మి, కొబ్బరి నీడ పడే వైపు సరస్వతి ఆకు. వేసవిలో కాలువలు కట్టేసి కొలనులో నీళ్లు తగ్గినా, వేళ్ల దగ్గర తడి ఉన్నంతకాలం తీగ నీటివైపు వేలాడుతూనే ఉంటుంది. తూటికూర మాత్రం చిన్న కొలనుకి వద్దు, నీళ్ల మీద తేలుతూ మొత్తం కప్పేస్తుంది.

ఇప్పుడు కట్టించే ప్రతి కొలనుకీ చుట్టూ నున్నటి టైల్స్ వేస్తున్నారు, అది చూస్తే నాకు కడుపు మండుతుంది. కప్ప ఎక్కడ ఎక్కుతుంది, తూనీగ పురుగు ఎక్కడ పాకి రెక్కలు విప్పుకుంటుంది? దోమలని తినేవి ఇవేనండీ. వీటికి తోడు కాసిని గప్పీ చేపలు వదలండి, ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవున్న మంచి నీళ్లలోనే.

మీది సముద్రం వైపు ఊరై, రొయ్యల చెరువుల వల్ల బోరు నీళ్లు ఉప్పగా మారి ఉంటే సరస్వతి ఆకు పక్కన పెట్టి నీటి బ్రాహ్మే వేయండి. కాస్త ఉప్పుని అది ఓర్చుకుంటుంది. పురుగుమందు కొట్టిన గట్టు నుంచి తెచ్చిన మొక్కనైతే కొలనుకే ఉంచండి, కూరకి కోయకండి.