శత్రువు రాసిన జీవితం

తమ్ముడూ,

పోప్ కాలిస్టస్ మీద నువ్వు రాసింది చదివాను. కష్టపడ్డావు, అది తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేరాలోనే ఆయన్ని పునీతుణ్ణి చేసి పీఠమ్మీద కూర్చోబెట్టేశావు. కార్పోఫోరస్ అనేవాడి ఇంట్లో బానిసగా బతికిన సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు, నమ్మి అప్పజెప్పిన విధవరాళ్ల సొమ్ము పోగొట్టాడన్న మాటైతే ఎత్తనే లేదు. అదంతా రోమ్‌లో ఆయనకి బద్ధవిరోధి అయిన మతగురువు హిప్పోలిటస్ అక్కసుతో రాసిందే కదా అంటావు. అక్కసే, కాదనను. మరి అది తీసేస్తే నీ చేతిలో ఏం మిగిలింది? 217 ప్రాంతంలో పోప్ అయ్యాడు, 222లో పోయాడు, అంతేనా?

హిప్పోలిటస్ రాసిన ఆ పుస్తకం మళ్లీ తెరువు. తప్పుడు బోధలన్నిటినీ ఖండిస్తూ రాసిన గ్రంథమది, గ్రీసులోని ఆథోస్ కొండ మీది మఠంలో 1842లో రాతప్రతి దొరికేదాకా ఈ కథ లోకానికి తెలీదు. రోమ్ దగ్గరి పోర్టస్ రేవులో ఓడెక్కి పారిపోబోతున్న కాలిస్టస్‌కి, పడవలో వస్తున్న యజమాని దూరం నుంచే కనబడతాడు, పడవ నడిపేవాడు నిదానం మనిషి, ఓడేమో రేవు మధ్యలోనే ఆగి ఉంది, ఒడ్డున జనం కేకలు, ఇక ప్రాణం మీద ఆశ వదిలేసి సముద్రంలోకి దూకేస్తాడు, నావికులు బలవంతాన పైకి లాగుతారు. పరువు తీద్దామని రాసిన మనిషి ఆ భయాన్ని మన కళ్లముందు పెట్టేశాడు! అలాంటిది వదులుకుంటావా?

ఇక అసలు విషయం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంతా ఒక్కరే, పేర్లే వేరు అని బోధించిన సబెల్లియస్‌ని కాలిస్టస్ సంఘం నుంచి వెలివేశాడు. ఈ మాట చెప్పింది కూడా హిప్పోలిటస్సే, కాకపోతే తనకి భయపడి వేశాడంటాడు. వెలివేయడం జరిగిన పని, భయపడ్డాడన్నది హిప్పోలిటస్ ఊహ. మొదటిది నీ మాటగా రాయి, రెండోది ఎవరన్నారో వాళ్ల పేరుతో రాయి. నువ్వు ఈ రెండూ కలిపేసి, నచ్చనిది కొట్టేశావు.

నాకు బాగా కోపం వచ్చింది ఎక్కడంటే, క్షమాపణ గొడవంతా రెండు లైన్లలో ముగించావు చూడు, అక్కడ. వ్యభిచారంలో పడినవాళ్లు పశ్చాత్తాపపడి వస్తే చేర్చుకున్నాడు, గోధుమలతోపాటు గురుగుల్ని ఎదగనివ్వమన్న ఉపమానం చూపించాడు, నోవహు ఓడలో పవిత్ర జంతువులూ అపవిత్ర జంతువులూ కలిసే ఉన్నాయన్నాడు. పెద్దింటి స్త్రీలు బానిసల్ని భర్తలుగా చేసుకుంటే ఒప్పుకున్నాడని కూడా హిప్పోలిటస్ మండిపడతాడు. సార్డీనియా దీవి గనుల్లో శిక్ష అనుభవించి, విడుదలయ్యేవాళ్ల జాబితాలో పేరు లేక మోకాళ్లమీద పడి ఏడ్చిన మాజీ బానిస చేసిన పనులివి. ఆ గనుల పక్కనే ఇవి పెట్టి రాయి, వ్యాఖ్యానం అక్కర్లేదు.

చివర్లో ఆయన్ని బావిలో పడేశారన్న కథ ఉంచుకో, కానీ అది తర్వాతి కాలపు కథ అని చెప్పు. 235లో హిప్పోలిటస్‌ని కూడా సార్డీనియాకే పంపారు, అక్కడే పోయాడు, అతన్నీ చర్చి పునీతుడిగానే తలుచుకుంటుంది. ఇది నీ వ్యాసంలో లేనే లేదు, చేర్చు.

రేవు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. ఎంత పొడుగైనా ఫర్వాలేదు, చదువుతాను.

మీ అన్నయ్య