సైకిల్‌కు చలానా లేదు, కానీ కేసు ఉంది

ప్రశ్న: మా తమ్ముడు రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తాడు. రెడ్ సిగ్నల్ పడినా ఆగే అలవాటు లేదు. ఎన్నిసార్లు చెప్పినా "సైకిల్‌కు నంబర్ ప్లేటే లేదు, ఇంక చలానా ఎక్కడిది అక్కా?" అనేవాడు. పోయిన నెల అలాగే రెడ్‌లో వెళ్తూ జీబ్రా క్రాసింగ్ మీద రోడ్డు దాటుతున్న ఒక పెద్దావిడను గుద్దేశాడు. ఆవిడకు మణికట్టు దగ్గర ఎముక విరిగింది. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 281, 125(బి) సెక్షన్ల కింద కేసు పెట్టారు. సైకిల్‌కు మోటారు వాహనాల చట్టం వర్తించదు కాబట్టి కేసు నిలవదని వాడి స్నేహితులు అంటున్నారు. ఆవిడ కొడుకేమో వైద్యం ఖర్చులతో పాటు నష్టపరిహారం కూడా అడుగుతున్నాడు. అది మేమే ఇవ్వాలా? కోర్టులో ఫైన్ కట్టేస్తే కేసు అయిపోతుందా? అదే రెడ్‌లో మా తమ్ముడినే ఏ కారో గుద్ది ఉంటే వాడికి పరిహారం వచ్చేదా? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: మీ తమ్ముడి స్నేహితులు చెప్పినదాంట్లో సగం నిజం ఉందమ్మా. ఆ సగం నిజాన్ని నమ్ముకునే చాలామంది సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు చిక్కుల్లో పడుతున్నారు. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో వాహనం అంటే యంత్రశక్తితో నడిచేది. కాళ్ళతో తొక్కే సైకిల్ దాని కిందకు రాదు. సిగ్నల్ లైట్లు చెప్పినట్టు నడుచుకోవాలనే 119వ సెక్షన్ మోటారు వాహనం నడిపేవాళ్ళకు ఉద్దేశించింది. రెడ్ లైట్ దాటడాన్ని 2019 సవరణలో ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా చేర్చారు కదా, ఆ 184వ సెక్షన్ కూడా మోటారు వాహనాల గురించే. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ వెయ్యవచ్చని అందులో ఉంది. సైకిల్ తొక్కేవాళ్ళ మీద దాన్ని వాడటానికి లేదు. కెమెరా ఫొటో తీసినా ఆ చలానా పంపడానికి రిజిస్ట్రేషన్ నంబరూ లేదు. కొన్నిచోట్ల సైకిల్‌ని ఆపి టైర్లలో గాలి తీసేస్తుంటారు. అలా చెయ్యమని ఏ చట్టమూ పోలీసులకు అధికారం ఇవ్వలేదు.

అంతమాత్రాన సైకిల్ వాళ్ళను పోలీసులు ఆపకూడదని కాదు. నేరాలు జరగకుండా చూసే విధిలో భాగంగా పోలీసు అధికారి ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాన్ని ఎవరైనా పాటించాల్సిందేనని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు, కోర్టు ప్రక్రియల చట్టం) లోని 172వ సెక్షన్ చెబుతోంది. ఇక నడిచేవాళ్ళ గురించి, యంత్రం లేని వాహనాల గురించి రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చెయ్యవచ్చని 2019లోనే మోటారు వాహనాల చట్టానికి 138(1ఎ) చేర్చారు. ఇంకా చెయ్యని రాష్ట్రాలు ఆరు నెలల్లో చెయ్యాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ రాష్ట్రంలో అలాంటి నియమాలు వచ్చాయో లేదో మీ లాయర్‌ని అడిగి తెలుసుకోండి.

స్నేహితులు చెప్పిన సగం ఇక్కడితో సరి. ఇక వాళ్ళకు తెలియని సగం.

మీ తమ్ముడి మీద పెట్టిన కేసు మోటారు వాహనాల చట్టం కింద కాదు. 281వ సెక్షన్ దారి మీద ఏ వాహనాన్ని నడిపినా వర్తిస్తుంది, దానికి మోటారు ఉండాలని ఎక్కడా లేదు. ఎదుటివాళ్ళ ప్రాణానికి ముప్పు తెచ్చేలా, లేదా గాయపడేలా నిర్లక్ష్యంగా నడిపితే ఆరు నెలల దాకా జైలు, 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 125వ సెక్షన్‌కైతే అసలు వాహనంతోనే పని లేదు. దుడుకుగానో అజాగ్రత్తగానో చేసిన పని ఏదైనా సరే, దానివల్ల ఎవరికైనా తీవ్ర గాయమైతే మూడేళ్ళ దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎముక విరగడాన్ని చట్టం తీవ్ర గాయంగానే లెక్కిస్తుంది. దేవుడి దయవల్ల ఆవిడ ప్రాణానికేమీ కాలేదు. అయి ఉంటే 106(1) కింద అయిదేళ్ళ దాకా శిక్ష పడే కేసు అయ్యేది.

కాబట్టి సైకిల్ అన్న ఒక్క కారణంతో ఈ కేసు కొట్టుకుపోదు. నిర్లక్ష్యాన్ని రుజువు చెయ్యాల్సిన భారం మాత్రం ప్రాసిక్యూషన్ మీదే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద ఎవరికీ ఏమీ కాకుండా రెడ్ దాటడం వేరు. జీబ్రా క్రాసింగ్ మీద మనుషులు నడుస్తుండగా దూసుకుపోవడం వేరు. రెండోదాన్ని నిర్లక్ష్యం కాదని వాదించడం చాలా కష్టం. ఆ సమయంలో సిగ్నల్ ఎవరికి ఉంది, ఆవిడ క్రాసింగ్ మీదే ఉన్నారా, సైకిల్ ఎంత వేగంతో వచ్చింది అన్నవి తేల్చేది ఎక్కువగా సీసీటీవీనే. కూడలి కెమెరాల్లో, పక్క షాపుల కెమెరాల్లో రికార్డింగు కొన్నాళ్ళకు దానంతటదే చెరిగిపోతుంది. ఇప్పటికే నెల గడిచింది. ఆ ఫుటేజీ భద్రపరచమని దర్యాప్తు అధికారికి ఇవాళే రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. కోర్టులో అది సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచెయ్యాలి.

అరెస్టు గురించి భయపడకండి. ఈ రెండు సెక్షన్లూ బెయిల్ ఇవ్వదగినవే. పోలీసులు సాధారణంగా నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలుస్తారు. పిలిచిన రోజున వెళ్ళాలి. తప్పించుకు తిరిగితే లేని చిక్కు తెచ్చుకున్నట్టే.

ఇక మీ అసలు దిగులు, డబ్బు సంగతి. నా దగ్గరకు వచ్చే సైకిల్ కేసుల్లో ఎవరూ ముందు ఊహించని దెబ్బ ఇక్కడే తగులుతుంది. మీ తమ్ముడే గనక స్కూటర్ మీద వెళ్తూ ఆవిడను గుద్ది ఉంటే, మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం తప్పనిసరిగా ఉండాల్సిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఆదుకునేది. ఆవిడ మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్ళేవారు, లైసెన్సు, పాలసీ సరిగ్గా ఉంటే పరిహారం బీమా కంపెనీ కట్టేది. సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి ఆ ఇన్సూరెన్స్ లేదు, ఆ ట్రిబ్యునల్‌కు ఈ కేసు వినే అధికారమూ లేదు. ఆవిడ సివిల్ కోర్టులో మీ తమ్ముడి మీద నేరుగా దావా వేస్తారు. గెలిస్తే ఆస్పత్రి బిల్లులు, పోయిన సంపాదన, పడిన బాధ, చెయ్యి మునుపటిలా పని చెయ్యకపోతే దానికి లెక్కకట్టిన మొత్తం, అన్నీ మీ తమ్ముడి జేబులోంచే పోవాలి. ఆవిడ ఉద్యోగం చెయ్యకపోయినా ఇంట్లో చేసే పనికి కోర్టులు విలువ కడతాయి. చలానా పడకుండా కాపాడిన నిర్వచనమే ఇన్సూరెన్స్ కూడా లేకుండా చేసింది. సైకిల్‌కు రూల్స్ వర్తించవని ధీమాగా ఉండేవాళ్ళు ఈ సంగతి ఎందుకు ఆలోచించరా అని నాకు నిజంగా బాధేస్తుంది. ఇంటి బీమా పాలసీ ఏదైనా ఉంటే, ఇతరులకు కలిగించిన నష్టానికి అందులో కవరేజీ ఉందేమో ఒకసారి చూడండి. చాలా పాలసీల్లో ఉండదు.

కాబట్టి నా సలహా, ముందు ఆవిడను వెళ్ళి పలకరించండి. ఫిజియోథెరపీకి ఎవరు తీసుకెళ్తున్నారో, కట్టు ఎప్పుడు విప్పుతారో కనుక్కోండి. కేసు ఉంది కదా, వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందేమోనని చాలామంది మొహం చాటేస్తారు. అది పొరపాటు. ఆస్పత్రి బిల్లులు కట్టినంత మాత్రాన కోర్టులో నేరం ఒప్పుకున్నట్టు కాదు. కేసులోని వాదనలకు భంగం లేకుండా, మానవతా దృష్టితో ఇస్తున్నామని ఒక కాగితం మీద రాసుకుని, బ్యాంకు ద్వారా చెల్లించి, బిల్లుల నకళ్ళు దగ్గర పెట్టుకోండి. చేతికి నగదు ఇచ్చి, నోటిమాటగా రాజీ అనుకోవద్దు.

పరిహారం మొత్తం మీద ఇద్దరికీ ఒప్పందం కుదిరేట్టుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. దావా వెయ్యకముందే అక్కడి లోక్ అదాలత్‌లో పరిష్కారం చేసుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ ఇచ్చే అవార్డుకు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. రేపు ఎవరూ మాట మార్చలేరు.

క్రిమినల్ కేసు మాత్రం దీంతో దానంతటదే పోదు. గాయానికి సంబంధించిన 125(బి)ను బాధితురాలి సమ్మతితో, కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. 281 రాజీకి వీలయ్యే జాబితాలో లేదు. ఇద్దరి మధ్యా నిజమైన రాజీ కుదిరిందని చూపించి నాగరిక్ సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద హైకోర్టులో కేసు కొట్టివెయ్యమని కోరాల్సి ఉంటుంది.

ఫైన్ కట్టేస్తే అయిపోతుందా అని అడిగారు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ట్రాఫిక్ చలానా కట్టడం, మేజిస్ట్రేట్ ముందు నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడం ఒకటి కాదు. మొదటి వాయిదాకే "ఒప్పేసుకో, వెయ్యో రెండు వేలో కట్టి ఇంటికెళ్ళిపోవచ్చు" అని కోర్టు వరండాలో ఎవరో ఒకరు చెబుతారు. ఒప్పుకుంటే అది శిక్ష పడిన కేసే. ప్రభుత్వ ఉద్యోగం అటెస్టేషన్ ఫారంలో, కొన్ని ప్రైవేటు కంపెనీల వెరిఫికేషన్‌లో ఆ సంగతి రాయాల్సి వస్తుంది. రాయకపోతే దాచినందుకు ఇంకా పెద్ద ఇబ్బంది. ఒకవేళ నేరం రుజువైనా మొదటి తప్పు కాబట్టి 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, మంచి నడవడిక హామీ మీద విడిచిపెట్టమని కోరవచ్చు. అదే చట్టంలోని 12వ సెక్షన్ వల్ల, అలా విడుదలైనవారికి ఆ శిక్ష కారణంగా అనర్హత అంటదు. లాయర్‌తో మాట్లాడకుండా మీ తమ్ముడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.

ఇప్పుడు మీ ఆఖరి ప్రశ్న. రెడ్‌లో వెళ్తున్న సైకిల్‌ను కారు గుద్దితే ట్రిబ్యునల్ తలుపు తట్టవచ్చు, ఎందుకంటే అక్కడ గుద్దింది మోటారు వాహనం. కానీ కారు ఇన్సూరెన్స్ కంపెనీ మొట్టమొదట పట్టుకునేది ఆ రెడ్ లైట్‌నే. సైకిల్ వాడి తప్పు కూడా ఉందని రుజువైతే ఆ మేరకు పరిహారంలో కోత పడుతుంది. 10 లక్షలు రావాల్సిన చోట 40 శాతం తప్పు మీ వాడిదని తేలితే చేతికి వచ్చేది 6 లక్షలే. కారు నడిపినవాడి తప్పేమీ లేదని తేలితే ఆ దారిలో ఏమీ రాకపోవచ్చు కూడా. హెల్మెట్ పెట్టుకోలేదని కూడా కొందరు వాదిస్తారు. 129వ సెక్షన్‌లోని హెల్మెట్ నిబంధన మోటారు సైకిళ్ళకే, మామూలు సైకిల్‌కు కాదు. ఆ వాదనకు బెదరనక్కర్లేదు.

తప్పెవరిదో రుజువు చెయ్యకుండానే పరిహారం అడిగే దారి మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. వాహనం ఆగకుండా వెళ్ళిపోయి, ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు. తప్పు రుజువు చేసి ట్రిబ్యునల్‌లో పరిహారం అడిగే 166వ సెక్షన్ కింద పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలన్నది మర్చిపోవద్దు.

ఆఫీసుకు వెళ్ళే దారిలో జరిగే ప్రమాదం గురించి మీరు అడగకపోయినా చెప్పాలి. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్తుండగా జరిగిన ప్రమాదం కూడా, వేళకూ దారికీ ఉద్యోగానికీ సంబంధం ఉంటే, ఉద్యోగంలో జరిగినట్టే లెక్క అని ఈఎస్ఐ చట్టంలో 2010లోనే చేర్చారు. ఉద్యోగుల పరిహార చట్టానికీ అదే అన్వయం ఉందని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మీ తమ్ముడి లాంటివాళ్ళు ప్రమాదంలో గాయపడితే యాజమాన్యానికి వెంటనే రాతపూర్వకంగా తెలియజెయ్యాలి.

మీ తమ్ముడు ఇంకో మాట కూడా అనే ఉంటాడు. బస్సులూ లారీలూ ఒక్కసారిగా కదిలినప్పుడు వాటి మధ్య నలగడం కన్నా ముందే దాటేయడం మేలని. ఆ భయం ఉత్తది కాదు, నేను కాదనను. అందుకే కొన్ని దేశాలు చట్టాన్నే మార్చాయి. అమెరికాలోని ఐడహో రాష్ట్రం 1982లోనే స్టాప్ బోర్డు దగ్గర సైకిల్ పూర్తిగా ఆగక్కర్లేదని, దారి ఇచ్చి సాగిపోవచ్చని చట్టం చేసింది. పారిస్‌లో ప్రత్యేక బోర్డు ఉన్న సిగ్నళ్ళ దగ్గర సైకిళ్ళు రెడ్‌లోనూ కదలవచ్చు. కానీ రెండుచోట్లా నడిచేవాళ్ళకు దారి వదలడం తప్పనిసరి. అక్కడి వెసులుబాటును మన కోర్టులో చూపించి లాభం లేదు. అంతగా భయమేస్తే సైకిల్ దిగి, నడిచేవాళ్ళకు గ్రీన్ పడినప్పుడు తోసుకుంటూ దాటమనండి.

మరో సంగతి, అది ఏ రకం సైకిల్ అన్నది మీరు రాయలేదు. బ్యాటరీ సైకిల్ అయితే మోటారు శక్తి 0.25 కిలోవాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉందో లేదో దాని కాగితాల్లో చూడండి. ఆ హద్దు దాటితే చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే. అప్పుడు లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేవని ఇంకొన్ని సెక్షన్లు చేరతాయి, పరిహారం కేసు కూడా సివిల్ కోర్టుకు కాక ట్రిబ్యునల్‌కే వెళ్తుంది. లాయర్‌ను కలిసేటప్పుడు ఎఫ్ఐఆర్ నకలుతో పాటు సైకిల్ కొన్న బిల్లు కూడా తీసుకెళ్ళండి.