హబ్బును వరండాలోంచి ముందు లోపలికి తీసుకురండి

ప్రశ్న: నాన్నగారు వాడిన కారుకు ముందు చక్రం హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం), డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిను శక్తిని చక్రానికి అందించే కడ్డీ) కొని ఇంట్లో నేనే మార్చుకున్నాను. మా అబ్బాయి ఫోనులో వీడియో తీశాడు. రెండు నెలలకే, 2024 ఆగస్టు 18న, హబ్బు బేరింగు పగిలి చక్రం ఊగిపోయింది. నా భార్య ఇప్పటికీ ఆ కారు ఎక్కదు. ఇంట్లో బిగిస్తే వారంటీ వర్తించదని కొట్టువారు వాట్సాప్‌లో జవాబిచ్చారు. పాడైన హబ్బు వరండాలో ఉంది. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామనుకుంటున్నాను. తానే బిగించినట్టు పాత తేదీతో బిల్లు ఇస్తానని తెలిసిన గ్యారేజీ యజమాని అంటున్నారు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తీసుకోకూడదు. బిగించింది మీరేనని చూపే వీడియో మీ ఇంట్లోనే ఉండగా, ఇంకొకరు బిగించారని బిల్లు పెడతారా? వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అక్కడ తప్పుడు సాక్ష్యం పెడితే నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఒక్క హబ్బు కోసం!

నాన్నగారి గురించి మీరు రాసింది కమిషన్‌కు అక్కరలేదు. దానికి కావలసింది ఒకటే: బేరింగు పగిలింది సరుకు లోపం వల్లనా, మీ బిగింపు వల్లనా? డ్రైవ్ షాఫ్ట్ చివరి నట్టును కంపెనీ చెప్పిన టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించకపోతే కొత్త బేరింగైనా త్వరగా పాడవుతుంది. ఎదుటివారు పట్టుకునేది దీన్నే. ఆ బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ వాడారా, కొత్త నట్టు వేశారా అన్నది మీరు రాయనేలేదు. వీడియోలో అది కనిపిస్తే మీ కేసుకు బలం. కనిపించకపోతే నిరూపణ భారమంతా ఆ హబ్బు మీదే.

అలాంటి హబ్బును వరండాలో పడేస్తారా? తుప్పు తింటున్నది మీ సాక్ష్యాన్ని. తుడవకండి, విప్పకండి. నట్టుతో సహా ఫొటోలు తీసి, పొడి సంచిలో కట్టి దాచండి. పరీక్షకు పంపుతామని కొట్టువారు అడిగినా రసీదు లేకుండా ఇవ్వకండి. వీడియో తీసిన ఫోనును ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేయకండి. అసలు ఫైలు అందులోనే ఉండాలి. దాని నకలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఆ నకలు ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. పగిలిన రోజు నుంచి లెక్కిస్తే 2026 ఆగస్టు 18తో సరి. కొన్న తేదీ నుంచే లెక్కించాలని ఎదుటివారు వాదించవచ్చు కాబట్టి కొని రెండేళ్లు నిండకముందే వేయడం క్షేమం. "చూస్తాం" అన్న సందేశాలతోనో లాయరు నోటీసుతోనో గడువు ఆగదు. దాటిపోతే ఆలస్యానికి తగిన కారణం చూపి మన్నించమని కమిషన్‌ను కోరాలి, ఆ మన్నింపు దక్కుతుందన్న హామీ లేదు.

కొట్టు ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపే కనుక రుసుము లేదు. అమ్మినవారితో పాటు తయారీదారునూ చేర్చండి. హబ్బును సీలు వేసి ప్రయోగశాలకు పంపాలని అదే వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద ఫిర్యాదులోనే కోరండి. పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాలి. వారంటీ షరతు ఎలా ఉన్నా, లోపంతో పుట్టిన సరుకుకు బాధ్యత వేరే అని వాదించే వీలు ఆ ప్రయోగశాల నివేదిక మీకు అనుకూలంగా వస్తేనే.